సారె మోసిన అల్లుడు

“తల వంచుకోని నిలబడితే కట్టేసినారు. కట్టేది ఎవురో ఒక్క మాట సెప్పాల్సింది నువ్వు గదా?”

పొద్దుటి నుంచి రాజారత్నం ఈ మాట అడగడం ఇది మూడోసారి. ఆయన భార్య మునిలక్ష్మి పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారుతున్నా చూస్తూ నిలబడింది గానీ మంట తగ్గించలేదు. మామూలుగా అయితే చుక్క పాలు ఒలికితే ఇల్లంతా ఏకం చేసే మనిషి ఆమె.

భోజనాల బల్ల మీద ఫోను వెల్లకిలా పడి ఉంది. అందులో దిగువమిట్ట గంగమ్మ జాతర ఆడుతూనే ఉంది. పలకలు, పంబలు, వేపమండలు, నడుమ తెల్లపంచెతో తల వంచుకున్న రాజారత్నం. ఆయన తలకు పసుపుగుడ్డ చుడుతున్న లావుపాటి మనిషి ఒక్కసారి కెమెరా వైపు తిరిగి నవ్వుతాడు. అక్కడ ఆగిపోయి వీడియో మళ్ళీ మొదటికి వస్తుంది.

దాని కింద ఒకే మాట రాసి ఉంది. “ఈ మధ్యాహ్నం నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటే, సాయంత్రం వార్తల్లో దీన్ని రాష్ట్రమంతా చూస్తుంది.” పంపినవాడి పేరు లేదు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు.

“ఆ మనిషి సుందరరాజు. పొద్దన్నే ఆయప్ప ఫోటో ఎతికి సూసినాను,” అన్నాడు రాజారత్నం. “సోలార్ కంపెనీ సుందరరాజు. ఏడాదిగా నా ముందర నడస్తా ఉండే కేసు ఆయప్పదే. విచారణకు లాయర్లు వస్తారు గానీ ఆయన ఏ పొద్దూ రాలేదు. మొకం నాకెట్ల తెలస్తాది?”

“నాకు మాత్రం తెలుసునా?” అంది మునిలక్ష్మి ఎట్టకేలకు.

“నీకు తెలీకుండా మీ ఊర్లో చీమ కూడా జాతరకు రాదు.”

ఆ మాటలో అబద్ధం లేదు. వడమాలపేట దాటి లోపలికి పోతే వచ్చే దిగువమిట్ట ఆమె పుట్టిల్లు. ఆ ఊళ్ళో గంగమ్మకు పుట్టింటి సారె మోసేది ఊరి అల్లుడు. చీర, గాజులు, పసుపు కుంకుమలు ఉన్న గంప నెత్తికెత్తే ముందు, ఆ ఏడాది వంతు ఎవరిదో ఆ ఇంటి పెద్ద వచ్చి అల్లుడికి తలపాగా చుడతాడు. చుట్టేటప్పుడు అల్లుడు తలెత్తకూడదు. సారె దించేదాకా నోరు విప్పకూడదు. ఎవరు కట్టారని అడిగితే అమ్మవారిని అనుమానించినట్టే. తలపాగా కట్టిన ఇల్లు ఆ ఏడాదికి ఆ అల్లుడికి అత్తగారిల్లు. ఇంత మంచి ఆచారం పెట్టిన పెద్దలు, దాన్ని ఎవడైనా ఉచ్చు కింద వాడుకుంటాడని కలలో కూడా అనుకుని ఉండరు.

“ఈ ఏడు వంతు ఓబయ్యది గదా?” అన్నాడు రాజారత్నం. “మీ అన్న కట్టాల్సిన తలపాగా వాడి చేతికి ఎట్ల పోయ?”

మునిలక్ష్మి పొయ్యి ఆర్పింది.

“నేనే అడిగినాను,” అంది.

“ఏమని?”

“వంతు ఇడిసిపెట్టమని. మీ తమ్ముడు మోహన్ వచ్చి సెప్పినాడు. ఎవురో పెద్దమనిషంట, చెన్నైలో యాపారమంట, వాళ్ళ కులదేవత కూడా గంగమ్మేనంట. ఒక్క ఏడు తలపాగా కట్టే పుణ్యం ఇప్పిస్తే మీ అసెంబ్లీ టికెట్టుకు అడ్డం లేకుండా సూసుకుంటాడంట. మా అన్నను పోయి అడిగినాను. ఎవురికి అని కూడా అడగలేదు మా అన్న. నువ్వడిగినావు గదా పాపా, సాలు అన్నాడు.”

“నాకు యాల సెప్పలేదు?”

“సెప్తే మీరు వద్దంటారు.”

నిజమే, రాజారత్నం వద్దనేవాడు. కానీ టికెట్టు మాట వింటే లోపల ఒక మూల ఎంత కదిలేవాడో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. అందుకే ఆమె మీద గట్టిగా అరవలేకపోతున్నాడు.

ఆయన రాజకీయం సంగతి ఈ జిల్లాలో తెలియనిది ఎవరికి? సర్పంచిగా మొదలుపెట్టాడు. మండలాధ్యక్షుడు అయ్యాడు. ఆ పైమెట్టు మాత్రం ఎక్కలేకపోయాడు. రెండుసార్లు అసెంబ్లీకి నిలబడ్డాడు, రెండుసార్లూ పడ్డాడు. రెండో ఓటమి తర్వాత పార్టీ పెద్దలు భుజం తట్టి, ఏడ్చే పిల్లాడి చేతిలో బెల్లం ముక్క పెట్టినట్టు, రాష్ట్ర విద్యుత్ ధరల మండలిలో సభ్యుడి పదవి పెట్టారు. కరెంటు ఎవరి దగ్గర కొనాలి, ఎంతకు కొనాలి, జనం దగ్గర ఎంత వసూలు చేయాలి అని తేల్చే మండలి అది. ముగ్గురే ముగ్గురు కూర్చుంటారు. బెల్లం ముక్క అనుకుని తీసుకున్న ఆ పదవిలో రాజారత్నం, అందరూ ఆశ్చర్యపోయేటట్టు, నిజాయితీగా పనిచేశాడు. జనం తనను నమ్మడం ఆయనకు జీవితంలో మొదటిసారి ఆ కుర్చీలోనే తెలిసింది.

సుందరరాజు కంపెనీ కరెంటును పాతికేళ్ళపాటు కొంటామని మండలి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే దిగువమిట్ట చెరువు కింది మడి, గుట్ట పక్కన పశువులు మేసే బయలు, అన్నీ కంపెనీ సోలార్ పలకల కిందికి పోతాయి. తీర్పు ఈ మధ్యాహ్నమే, తిరుపతి క్యాంపు హాల్లో. కాదనాలని ముగ్గురు సభ్యులూ పోయిన వారమే అనుకున్నారు.

వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. రాజారత్నం తమ్ముడు మోహన్ చెప్పులు విడవకుండానే లోపలికొచ్చాడు.

“సూసినావా అన్నా? నాకూ వచ్చినాది.”

“తెచ్చినోడివి నువ్వే, నీకు రాకుండా యాడికి పోతాది?”

“నేను మంచికే తెస్తినబ్బా. సుందరరాజు ఇట్ల సేస్తాడని నేను కలగన్నానా?” మోహన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఇప్పుడు తప్పు ఎవురిది అని తగువులాడుకుంటే పొద్దు పోతాది. నా మాట ఇను. సరే అని సంతకం పెట్టు. రేపు పదవికి రాజీనామా ఇయ్యి. ఎల్లుండికి టికెట్టు నీ చేతిలో ఉంటాది. సుందరరాజే పలికినాడు.”

“దిగువమిట్ట?”

“ఊరికి వేరే తావ భూమి ఇస్తారంట.”

“యాడ? గుట్ట పైనా?”

“అన్నా, ఊరు గురించి నువ్వొక్కడివే యాల ఏడస్తావు? ఆ ఊరోళ్ళు రెండుసార్లూ నీకు ఓట్లేసినారా? సగం మంది అవతలోడికి గుద్దినారు.”

“గుద్దనీ,” అన్నాడు రాజారత్నం. “నేను పెట్టను.”

“పెట్టకుండా ఆ కుర్చీలో కూసో మరి. సాయంత్రానికి ఏమంటారో తెలుసునా? కంపెనీవాడి దగ్గర తలపాగా కట్టించుకున్నాడు, అడిగినంత ముట్టలేదని ఎదురు తిరిగినాడు అంటారు. తాటిచెట్టు కింద కూసోని పాలు తాగినా కల్లే అంటారన్నా. నీ పేరు పోతాది, ఊరూ మిగలదు. ఆ తీర్పు మీద వాళ్ళు కోర్టుకు పోయి, లంచగొండి ఇచ్చిన తీర్పు అని కొట్టేయిస్తారు.”

ఇదీ మోహన్ తెలివి. అరిచేవాడైతే అన్న ఎదిరించేవాడే. నిజం కలిపి చెబుతుంటే ఎదిరించడానికి ఏమీ దొరకదు.

ఫోనులో పలకలు మోగుతూనే ఉంటే మునిలక్ష్మి వచ్చి దాన్ని బోర్లా తిప్పింది. శబ్దం ఆగలేదు. చివరికి రాజారత్నమే దాన్ని ఆపాడు.

అప్పుడే వీధిలో టెంపో హారను వినిపించింది.

“బావా! ఉండావా?”

ఓబయ్య గొంతు విని మునిలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుంది. మోహన్ లేచి తన ఫోను చేతపట్టుకుని పక్క గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఓబయ్య చేతిలో గోనెసంచి, అందులో పచ్చి వేరుశెనక్కాయలు. అరవై దాటినా గట్టి మనిషి. సంచి కింద పెట్టి, లోపలికి రాకుండా గడప మీదే కూర్చున్నాడు.

“ఊరంతా వచ్చేసినాదబ్బా. టెంపో నిండిపోతే కొంతమంది బస్సు పైన వస్తా ఉండారు. తాయమ్మవ్వ కూడా వచ్చినాది, నడవలేదు, ఎత్తి కూసోబెట్టినాము. హాలు కాడ దించేసి వస్తామని ఈపక్క తిరిగినాము.”

“కాఫీ తాగన్నా,” అంది మునిలక్ష్మి.

“వద్దు పాపా. అందురూ కాసుకోని ఉండారు.” ఆయన బావ వైపు తిరిగాడు. “బావా, నిన్న ఒక లాయరు మా ఊరికి వచ్చినాడు. మండలి మాట నమ్మద్దండి, ముందే కోర్టులో ఒక కేసు ఏసి పెట్టుకోండి, లేకుంటే గడువు దాటిపోతాది అన్నాడు. మావోళ్ళు రొంత బెదిరినారు. నేనే వద్దన్నాను. మా బావ ఆ కుర్చీలో ఉండాడు, మాకు కోర్టు ఎందుకప్పా అన్నాను. సరేనా?”

రాజారత్నం తల ఊపాడు. అవునన్నాడో కాదన్నాడో ఆయనకే తెలియదు.

“ఏంది, ఇద్దురూ అట్లుండారు? ఒళ్ళు బాగలేదా?”

“రాత్రి నిద్ర లేదులే అన్నా,” అంది మునిలక్ష్మి.

“మాకూ అంతే. తీర్పు అంటే నిద్ర యాడొస్తాది?” ఓబయ్య నవ్వి లేచాడు. “తాయమ్మవ్వ ఏమంటాదో తెలుసునా? రాజారత్నం ఓట్లప్పుడు వచ్చి దండం పెడితే మొకం తిప్పుకున్నాను, ఈరోజు నేనే దండం పెడతాను అంటాది. పోతా ఉండాం బావా. బిన్నా రా, ఆలస్యం సేయబాక.”

టెంపో కదిలిన చప్పుడు వినబడే వరకు భార్యాభర్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పక్క గదిలో మోహన్ ఎవరితోనో తక్కువ గొంతుతో మాట్లాడుతున్నాడు. “లేదు సార్, ఇంకా లేదు... చేస్తాడు సార్,” అన్న ముక్క ఒకటి మునిలక్ష్మి చెవిన పడింది. సుందరరాజుతో అయి ఉంటుందనుకుంది.

“సెప్పేద్దామా మా అన్నకు?” అంది ఆమె.

“ఏమని సెప్తావు? నీ వంతు తీసుకోని నీ మడి మింగేవాడికి ఇప్పించినానని సెప్తావా?”

ఆ మాట అన్న క్షణమే రాజారత్నం నాలుక కరుచుకున్నాడు. మునిలక్ష్మి సంచి ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. ఆమె అక్కడ ఏడుస్తోందని ఆయనకు తెలుసు. పోలేదు. పోయి ఏం చెప్పాలో తెలియలేదు.

ఇలాంటప్పుడు ఆయనకు గుర్తొచ్చే మనిషి ఒక్కడే. మండలి అధ్యక్షుడు దేవనాథన్. తరతరాలుగా గుడి కైంకర్యంలో ఉన్న ఇంటివాడు. న్యాయశాఖలో పెద్ద పదవి చేసి వచ్చినవాడు. తిరునామం దిద్దుకోకుండా ఎవరికీ కనబడడు, బయట నీళ్ళు కూడా ముట్టడు. రాజారత్నానికి ఆ నియమం చూస్తే భయమూ గౌరవమూ. తాను పార్టీ దయతో వచ్చిన వాడు, ఆయన అర్హతతో వచ్చిన వాడు అని మనసులో ఒక చిన్నతనం కూడా ఉంది.

ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. తలపాగా, భార్య అడగడం, వీడియో, బెదిరింపు, ఏదీ దాచలేదు.

“రాజారత్నం గారూ, మీరు తప్పు చేయలేదు,” అన్నాడు దేవనాథన్ నెమ్మదిగా. “కానీ తప్పు చేయకపోవడం ఒక్కటే చాలదు మన కుర్చీకి. చేసినట్టు కనబడకూడదు కూడా. తప్పుకోండి.”

“తీర్పు నుంచా సార్?”

“ఈ ఒక్క కేసు నుంచి. మీరు కూర్చోకపోతే వాళ్ళు ఆ వీడియో చూపించి ఏం లాభం? మీ పేరు నిలబడుతుంది.”

“మరి ఊరు సార్?”

“నేనున్నాను, మూడో సభ్యుడున్నారు. పోయిన వారం ముగ్గురం ఏమనుకున్నామో మరిచిపోయారా?”

రాజారత్నం గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. మూడో సభ్యుడు పాత ఇంజినీరు. కంపెనీ లెక్కల్లో మోసం ఉందని మొదటి రోజు నుంచీ కాదంటున్న మొండిఘటం. ఇద్దరూ కాదంటే ఊరు బతికినట్టే.

“కారణం రాయాలి,” అన్నాడు దేవనాథన్. “వీడియో సంగతి వద్దు. మీ ఇల్లాలి మాట అసలే వద్దు. అర్జీదారు సుందరరాజుతో వ్యక్తిగత సంబంధం ఉన్నందున తప్పుకుంటున్నాను అని ఒక్క వాక్యం రాసి పంపండి. తలపాగా కట్టినవాడు బంధువే కదా మీ ఆచారంలో. అబద్ధం కాదు.”

రాజారత్నం ఒక్క వాక్యమే రాశాడు. సంతకం పెట్టి, ఆఫీసుకు పంపించి, స్నానం చేశాడు. నీళ్ళు పోసుకుంటుంటే చాలా కాలం తర్వాత తాను మంచివాణ్ణని ఆయనకే అనిపించింది. మనిషికి అంతకంటే ప్రమాదకరమైన ఘడియ ఇంకోటి ఉండదు.

బయటికొచ్చి తమ్ముడితో చెప్పాడు.

“ఎంత పని సేసినావన్నా!” అని మోహన్ నెత్తి కొట్టుకున్నాడు. “టికెట్టు పాయె, అంతా పాయె! ఇన్నేండ్లు నీ జెండా మోసింది ఇందుకా?” ఇంకా రెండు మాటలు అరిచాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, “వదినా, ఏమన్నా ఉంటే పెట్టు,” అన్నాడు.

మునిలక్ష్మి సంగటి ముద్ద పెట్టి పులగూర పోసింది. ఊరిబిండి పచ్చడి వడ్డించింది. రాజారత్నం ఆకలి లేదని హాల్లో పడక్కుర్చీలో వాలాడు. మోహన్ ముద్ద చివర తుంచి, గుంట చేసి, పులగూర నింపుకుని తిన్నాడు. రెండో ముద్ద అడిగాడు. పెట్టింది.

“ఊరిబిండి బాగుండాది వదినా. ఇంకో అర ముద్ద ఉందా?”

మునిలక్ష్మి చేతిలోని తెడ్డు గిన్నెలోనే ఆగిపోయింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మోహన్ నిక్కర్లు వేసుకునే పిల్లాడు. వాడి ఆకలి వాడి తల్లికంటే ఆమెకే బాగా తెలుసు. అన్న మొదటిసారి ఓడిన రోజు వాడు మెతుకు ముట్టలేదు. రెండోసారి ఓడినప్పుడు వారం పాటు కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు. దుఃఖం వస్తే ముందు గొంతు మూసుకుపోయే రకం వాడు.

“మోహనా,” అంది. “నువ్వు పోగొట్టుకున్నోడి మాదిరి తినడం లేదే.”

మోహన్ నములుతున్నవాడు ఆగాడు.

“ఆకలైతే తినద్దా?”

“అంతా పాయె అంటివి గదా ఇప్పుడు. రెండు ముద్దలు తిని మూడోది అడగతా ఉండావు.”

“ఏంది వదినా, కూడు కూడా లెక్కపెడతావా?”

“టికెట్టు ఎవురికి?”

“ఏ టికెట్టు?”

“నన్ను సూసి సెప్పు. టికెట్టు ఎవురికి?”

వాడు ఆమెను చూడలేదు. కంచం వైపు చూశాడు. తర్వాత కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

“అన్నకు వయసైపాయె వదినా,” అన్నాడు చాలా మెల్లగా. “రెండుసార్లు ఓడిన మొకం. పార్టీలో ఎవురూ ఒప్పుకోలేదు. నేను ఎన్నేండ్లని గోడలకు రాస్తా తిరిగేది? నాకూ పిల్లలుండారు.”

“మరి సంతకం పెట్టమని పొద్దన్నుంచి అరిస్తివే?”

“పెట్టి ఉంటే అన్నకే వచ్చేది. నేను నిజంగానే అడిగినాను. అన్న పెట్టడని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు.”

“తెలిసీ వీడియో పంపినారా?”

“పెట్టేదానికి పంపలేదు వదినా. తప్పుకునేదానికి.”

మునిలక్ష్మికి అర్థం కాలేదు. హాల్లో పడక్కుర్చీ కిర్రుమంది. రాజారత్నానికి మాత్రం ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. మండలి నిబంధన ఆయనకు కంఠతా వచ్చు. ముగ్గురు కూర్చుంటే ఇద్దరి మాట చెల్లుతుంది. ఇద్దరే కూర్చుని చెరో మాట అంటే అధ్యక్షుడు మొగ్గిన వైపే తీర్పు. పాత ఇంజినీరును ఎవరూ కొనలేరు. ఆయనకు ఎదురు ఒక్కడు చాలు, ఆ ఒక్కడు అధ్యక్షుడైతే చాలు.

రాజారత్నం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“దేవనాథన్ సారు ఎప్పటి నుంచిరా?” అన్నాడు.

మోహన్ లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు దెబ్బలకు లేచి నిలబడినట్టే.

“పోయిన వారం నుంచి. మీరు ముగ్గురూ మాట్లాడుకున్న సాయంత్రమే సుందరరాజు ఆయప్పను కలిసినాడు. ఆయప్పే సెప్పినాడు, రాజారత్నాన్ని మీరేమీ అనబాకండి, భయం పుట్టిస్తే సాలు, సలహాకు నా దగ్గరికే వస్తాడని.”

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇదే. కోసినవాడి చేతికి రక్తం లేదు, తెగినవాడి నోట అరుపు లేదు.

రాజారత్నం తమ్ముణ్ణి కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని మోహన్‌కే అనిపించి ఉంటుంది. “పద,” అన్నాడు భార్యతో. ఆమె కట్టుబట్టలతో చెప్పులేసుకుంది.

దారి పొడవునా ఆయన దేవనాథన్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. స్విచాఫ్. పాత ఇంజినీరుకు చేశాడు. హాల్లోకి పోయేవాళ్ళు ఫోన్లు బయట ఇచ్చి పోవాలి, ఎత్తలేదు. ఆఫీసుకు చేస్తే, “మీ లేఖ రికార్డులోకి ఎక్కేసింది సార్, వెనక్కి తీసుకునే వీలు లేదు,” అన్నారు. సార్ అన్న మాటలో నిన్నటి వంగుబాటు లేదు.

హాలు నిండిపోయి ఉంది. వేదిక మీద ఎప్పుడూ మూడు కుర్చీలుంటాయి, ఈరోజు రెండే ఉన్నాయి. మూడోదాన్ని ఎవరో అప్పటికే గోడ వారకు జరిపేశారు. సభ్యులు వచ్చే పక్క తలుపు వైపు రాజారత్నం నడవబోతే, ఎప్పుడూ నమస్కారం పెట్టే పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఈరోజు తమరు జనంలో కూర్చోవాలంట సార్. అధ్యక్షుల వారు చెప్పినారు.”

ఓబయ్య దూరం నుంచే చూసి చెయ్యి ఊపాడు. బెంచీ మీద జరిగి చోటు చేశాడు. పక్కనే తాయమ్మవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

“ఏంది బావా, ఈడికొచ్చినావు? నీ తావ ఆడ గదా?”

రాజారత్నం కూర్చున్నాడు. మునిలక్ష్మి అన్నకూ భర్తకూ నడుమ కూర్చుంది. దిగువమిట్టంతా వాళ్ళ వెనక వరసల్లో ఉంది. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు, పనికి పోకుండా వచ్చిన మగవాళ్ళు. అందరి ముఖాల్లోనూ నమ్మకం. ఆ నమ్మకాన్ని చూడలేక ఆయన తల దించుకున్నాడు.

“బావా,” అన్నాడు ఓబయ్య వైపు వంగి. “నేనొకటి సెప్పాల.”

“తర్వాత సెప్పు. లేసినారు సూడు.”

దేవనాథన్ వచ్చాడు. వెనక పాత ఇంజినీరు, ముఖం నల్లగా మాడ్చుకుని. జనం లేచి కూర్చున్నారు. దేవనాథన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

“తీర్పుకు ముందు ఒక్క విషయం. సభ్యులు రాజారత్నం గారు ఈ కేసు నుంచి తప్పుకున్నారు. వారు రాసిన కారణాన్ని సభకు వినిపించడం నా బాధ్యత. ‘అర్జీదారు సుందరరాజుతో నాకు వ్యక్తిగత సంబంధం ఉన్నందున తప్పుకుంటున్నాను.’”

వెనక వరసల్లో మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరి నుంచి ఒకరికి గుసగుసలు పాకాయి. ఎవరో ఆడమనిషి, “మనోడేనా?” అంది. తాయమ్మవ్వ ఎత్తిన చేతులు ఒడిలోకి దించుకుంది.

ఓబయ్య కదల్లేదు. వేదిక వైపే చూస్తూ అడిగాడు.

“సుందరరాజు నీకేమైతాడు బావా?”

చెబితే ఓబయ్య ముందు, ఈ ఊరి ముందు, మునిలక్ష్మి పేరు చెప్పాలి. చెప్పకపోతే అమ్ముడుపోయినవాడు తానే. ఇద్దరిలో ఎవరిని కాపాడుకోవాలో తేల్చుకోలేక రాజారత్నం ఊరకుండిపోయాడు.

దేవనాథన్ తీర్పు కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. “సభ్యులిద్దరి మధ్య భిన్నాభిప్రాయం ఉన్నందున...” అని మొదలుపెట్టాడు. పాత ఇంజినీరు తల పక్కకు తిప్పుకున్నాడు.

మునిలక్ష్మి లేచి నిలబడింది.

“అయ్యా, నేనొక మాట సెప్పాల,” అంది. హాలంతా వినబడింది. “ఆ సంబంధం ఎట్ల వచ్చిందో నాకు తెలుసు. ఎవురెవురు కలిపినారో కూడా తెలుసు.”

దేవనాథన్ చదవడం ఆపి కళ్ళజోడు మీదుగా చూశాడు. మొదటిసారి ఆ ముఖంలో నెమ్మది తగ్గింది. మొదటి వరసలో ఉన్న విలేఖరులు ఇటు తిరిగారు.

“ఎవరమ్మా మీరు? పేరు చెప్పండి.”

ఆమె పేరు చెప్పేలోపు ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. రాజారత్నం చెయ్యి. “కూసో,” అన్నాడు పళ్ళ మధ్య నుంచి. “నా పరువు తీయబాక. కూసో.”

ఆమె కూర్చోలేదు. ఆయన వదల్లేదు. ఓబయ్య మెల్లగా తల తిప్పి, ఆ చేతిని చూశాడు.

“ఇడువు బావా,” అన్నాడు. “దాన్ని సెప్పనీ.”

రాజారత్నం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.